బకెట్టు గుర్తు

పదిహేడో వారం

కిందటి వారం అర్చనను కంప్యూటర్ ముందు, ఒళ్ళు మండిపోతుండగా వదిలిపెట్టాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. మంట కూడా అలాగే ఉంది.

జరిగింది ఇదీ. బొమ్మనహళ్ళిలో వెంకటేశప్ప నడిపే ప్రెస్ షాపు నుంచి వెళ్ళిన నాలుగు వందల స్కూటర్ బ్రాకెట్లు, వెళ్ళిన లారీలోనే సోమవారం వెనక్కి వచ్చాయి. కుడిపక్క బిగించాల్సినవి మొత్తం ఎడమపక్కకు తయారయ్యాయి. ఇనప రేకును ఒక్క దెబ్బకు వంచి బ్రాకెట్టుగా మార్చే ఉక్కు అచ్చును అక్కడ డై అంటారు. ఆ డై చేసింది అర్చన తండ్రి గోపాలప్ప. వెంకటేశప్ప నగర్తపేట సందులో ఒక్క ప్రెస్సుతో మొదలుపెట్టిన నాటి నుంచి, ముప్పై ఒక్క ఏళ్ళుగా, డైలు తయారయ్యే ఆయన టూల్‌రూముకు గోపాలప్పే మేస్త్రీ. ఆ డైకి డ్రాయింగు గీసింది అర్చన. డ్రాయింగు బాగానే ఉంది, ముసలాయనకే చదవడం చేతకాలేదని షాపంతా ఒక్కమాటగా తేల్చేసింది. గోపాలప్ప కూడా తల వంచుకుని, అవును, నాదే తప్పు అన్నాడు.

స్కూటర్ కంపెనీవాళ్ళు కాగితం మీద జవాబు అడిగారు. తప్పు ఎలా జరిగింది, ఎవరి వల్ల, మళ్ళీ జరగకుండా ఏం చేశారు. షాపు సావుకారు వెంకటేశప్ప జవాబు టైపు చేయించి పెట్టాడు. మేస్త్రీ డ్రాయింగు చదవడంలో పొరబడ్డాడని, అతణ్ణి టూల్‌రూము నుంచి తప్పించామని అందులో ఉంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి గోపాలప్ప ఆ కాగితం మీద సంతకం పెట్టి, టూల్‌రూము తాళాలు బల్ల మీద పెట్టి, స్టోరులో బోల్టులు ఏరుకోవడానికి పోవాలి. శుక్రవారం వచ్చేసింది. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

ఇక్కడ బకెట్టు సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే అర్చన కోపం మనకు అర్థం కాదు. ఒక వస్తువును కాగితం మీద చూపించడానికి రెండు పద్ధతులున్నాయి. వస్తువును కుడివైపుకు దొర్లిస్తే దాని ఎడమ ముఖం పైకొస్తుంది కదా, అలా కుడిపక్కన ఎడమ ముఖం గీయడం ఒక పద్ధతి. ఇది ఫస్ట్ యాంగిల్. మన దేశంలో షాపులన్నీ దీనికే అలవాటు పడ్డాయి. దొర్లించడం లేదు ఏమీ లేదు, కుడి ముఖాన్ని కుడిపక్కనే గీయడం రెండోది. దాన్ని థర్డ్ యాంగిల్ అంటారు, అమెరికావాళ్ళకు అది ఇష్టం. ఏ పద్ధతిలో గీశారో చెప్పడానికి కాగితం మూలన ఒక చిన్న గుర్తు ఉంటుంది. అడుగు సన్నంగా ఉన్న బకెట్టును పడుకోబెట్టినట్టు ఒక బొమ్మ, దాని పక్కన రెండు వలయాలు. వలయాలు బకెట్టుకు కుడిపక్కనుంటే మన పద్ధతి, ఎడమపక్కనుంటే వాళ్ళ పద్ధతి. ఆ షాపులో దాన్ని బకెట్టు గుర్తు అనే అంటారు. గుర్తు చూడకుండా డై మొదలుపెడితే కుడి ఎడమవుతుంది. ఎడమ కుడి అవుతుంది.

బ్రాకెట్టు డ్రాయింగు ఫైల్లో వలయాలు ఎడమపక్కన ఉన్నాయి. థర్డ్ యాంగిల్ అని స్పష్టంగా చెబుతోంది గుర్తు. ముసలాయన చూసుకోకుండా తన పాత అలవాటులో చదివాడనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అర్చన కూడా నాలుగు రోజులు అదే నమ్మి, తండ్రి మొహం చూడలేక ఇంట్లో మౌనంగా అన్నం తిని లేచింది. ఈ పొద్దున ఎందుకో ఆ ఫైలు మళ్ళీ తెరిచింది. తెరిచి మౌసు కదిపింది. బాణం జారలేదు. గెంతింది.

కంప్యూటర్‌లో గీసేవాళ్ళకు చేతిరాత ఉండదని అనుకుంటాం గానీ, ఉంటుంది. గీతలు అతుక్కోవడానికి ఎవరికి నచ్చిన స్నాప్ వాళ్ళు పెట్టుకుంటారు. అర్చన గీతల కొసల్ని పట్టుకునే స్నాప్ తప్ప ఇంకోటి వాడదు. ఆమె చేతిలో బాణం నున్నగా జారుతుంది, ఏదైనా గీత కొసకు దగ్గరైతే టక్కున అతుక్కుంటుంది. ఈ ఫైల్లో గ్రిడ్ స్నాప్ వేసి ఉంది. కాగితం నిండా రెండున్నర మిల్లీమీటర్లకొక కనపడని చుక్క ఉన్నట్టు, బాణం చుక్క నుంచి చుక్కకు దూకుతుంది తప్ప మధ్యలో నిలవదు. ఆ షాపులో అలా పనిచేసే మనిషి ఒక్కరే ఉన్నారు. ఇరవై ఏళ్ళు డ్రాయింగ్ బోర్డు మీద గళ్ళ కాగితంతో బతికి, కంప్యూటర్ వచ్చాక కూడా గళ్ళు లేకుండా చెయ్యి ఆడని దామోదర్ సార్. సార్ బాణం కప్ప బాణం అని అర్చనే ఎన్నోసార్లు ఆటపట్టించింది.

బకెట్టు గుర్తును పెద్దది చేసి చూసింది. తను పెట్టి ఉంటే, గుర్తు చుట్టూ గీసిన గడి మూలకు అతుక్కుని ఉండాలి. మూలకు కొంచెం ఎడంగా, సరిగ్గా చుక్క మీద నిలబడి ఉంది. టెంప్లేటు తెరిచింది. టెంప్లేటు అంటే ప్రతి డ్రాయింగూ మొదలయ్యే ఖాళీ కాగితం. దాని మూలన వలయాలు బుద్ధిగా కుడిపక్కనే ఉన్నాయి. అంటే తను గీసిన రోజున బ్రాకెట్టు డ్రాయింగు మీద ఉన్నదీ మన గుర్తే. తండ్రి చదివిందీ ఆ గుర్తునే. బ్రాకెట్లు తిరిగొచ్చాక ఎవరో గుర్తు తిప్పేసి, డ్రాయింగ్ రూములో జరిగిన తప్పును పాపం ముసలాయన నెత్తిన పెట్టారు. ఎవరో ఏమిటి, కప్ప గెంతులు కనబడుతూనే ఉన్నాయి.

అందరిలోకీ ఆయనా? కాటన్‌పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్లను, ఐటీఐ సర్టిఫికెట్ తప్ప ఏమీ లేనిదాన్ని, పక్కన కూర్చోబెట్టుకుని కీబోర్డు మీద వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్పినవాడు దామోదర్ సార్. మొదటి జీతం రోజున ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

దామోదర్ టిఫిన్ డబ్బా కడుక్కుని తువ్వాలుతో తుడుచుకుంటూ డ్రాయింగ్ రూములోకి వచ్చాడు. మిగతావాళ్ళు ఇంకా కింద క్యాంటీన్‌లోనే ఉన్నారు. అర్చన లేచి నిలబడింది.

"సార్, బకెట్టు ఎందుకు తిప్పినారు?"

ఆయన ఏ బకెట్టమ్మా అన్నాడు. అన్న తీరులోనే ఆయనకు తెలుసని తెలిసిపోయింది. అర్చన స్క్రీను ఆయన వైపు తిప్పి, మౌసు కదిపి చూపించింది. బాణం గెంతింది. మళ్ళీ కదిపింది. మళ్ళీ గెంతింది. ఆయన డబ్బా మూత పెట్టడానికి ప్రయత్నించాడు, అది పట్టలేదు.

"మా నాయన పేరు మీద బురద పోసేదానికి, మీరు నాకు నేర్పిన మిషనే దొరికిందా? ముప్పై ఒక్క ఏండ్ల మనిషి సార్. నాలుగు గంటలకు పోయి, నాకు చదివేదానికి రాదని సంతకం పెట్టబోతా ఉండాడు. మీకు తెల్సు, ఆయన సరిగ్గానే చదివినాడని. తెల్సి మీరు డబ్బా కడుక్కుంటా ఉండారు."

దామోదర్ తెనాలి నుంచి వచ్చి ఈ ఊళ్ళో పాతికేళ్ళయింది, ఎవరూ ఆయన మీద గొంతెత్తిన రోజు లేదు. నెమ్మదిగా మాట్లాడమ్మా అన్నాడు. కింద వింటారన్నాడు. వినాలనే అరుస్తా ఉండానంది అర్చన. ఇంక ఆపుకోలేదు. డ్రాయింగ్ సెక్షన్ ఇన్‌చార్జిగా ఉన్న ఆయన తన కుర్చీ కాపాడుకోవడానికి ముసలాయన్ని బలిచ్చారంది. గురువు అనుకున్నందుకు తన బుద్ధికి తనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలంది. ఆడపిల్ల గురువుతో మాట్లాడాల్సిన మాటలు కావవి, కానీ నాలుగు రోజులుగా తండ్రిని అనుమానించిన సిగ్గు కూడా ఆ కోపంలో కలిసి ఉంది. ఆయన అన్నీ విన్నాడు. డబ్బా మూత మళ్ళీ నొక్కాడు. అది ఆమెను ఇంకా రెచ్చగొట్టింది.

చివరికి ఆయన ఆమె కుర్చీలోనే కూర్చుని, టెంప్లేటు ఫైలు తెరిచాడు. బకెట్టు గుర్తు చూశావు కదా, గుర్తు అనేది బొమ్మ మాత్రమేనమ్మా, అన్నాడు. సెట్టింగులు అనే చోట నొక్కాడు. స్క్రీను మీద ఒక పెట్టె తెరుచుకుంది. అందులో ప్రొజెక్షన్ అని ఒక వరుస. ఆ వరుస దగ్గర వేలు పెట్టి చూపించాడు.

థర్డ్ యాంగిల్ అని ఉంది.

అర్చన ఆ వరుసను రెండుసార్లు చదివింది. వస్తువు ముఖాల్ని కాగితం మీద ఏ పక్కన వేయాలో కంప్యూటర్‌కు చెప్పేది ఆ వరుసే. మూలన ఉన్న బకెట్టు, ఎప్పుడో ఎవరో గీసి అతికించిన బొమ్మ. వరుస మారిస్తే ముఖాలు మారతాయి, బొమ్మ మారదు. అంటే ఆ టెంప్లేటు నుంచి వచ్చిన డ్రాయింగు ప్రతిదీ ముఖాలు అమెరికా పద్ధతిలో వేసి, మూలన మాత్రం మన పద్ధతి అని అబద్ధం చెబుతుంది. పొద్దుటి నుంచి ఆమె గుర్తును చూసిందే తప్ప ఆ పెట్టె తెరవలేదు. కోపం కళ్ళకు గంతలు కడుతుందంటే ఇదే.

ఎవరు మార్చారని అడగబోయింది. ఫైలు వివరాల్లో తేదీ కనబడింది. జూన్ పన్నెండు. పక్కన తన పేరే ఉంది.

జూన్ పన్నెండు ఆమెకు బాగానే గుర్తుంది. పీణ్యాలోని ఒక ఎగుమతిదారు కోసం మూడు డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో కావాలన్నారు. మూడింటికీ విడివిడిగా మార్చే బదులు టెంప్లేటులోనే ఆ వరుస మార్చి, మూడు కాగితాల మీదా గుర్తులు చేత్తో తిప్పి, అయ్యాక వరుసను వెనక్కి పెట్టేయాలనుకుంది. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరుస్తుంటే, తెరిచి ఉన్న ఫైళ్ళన్నీ గబగబా సేవ్ చేసి మిషన్ ఆపేసింది. అన్నీ సేవ్ అయ్యాయి. టెంప్లేటు కూడా అయింది. మరునాడు అది ఆమెకు గుర్తుకే రాలేదు, ఆగస్టు దాకా రాలేదు.

తప్పు తనదేనని తేలింది. అయినా కోపం పోలేదు, దిక్కు మార్చుకుని తన మీదికే వచ్చింది. మరి నన్నెందుకు అడగలేదు, నా తప్పయితే నా పేరే చెప్పాల్సింది, మీకు గుర్తు తిప్పే పనేమిటి అని నిలదీసింది.

నేను తిప్పాలనుకోలేదు, తిప్పమన్నారు, అన్నాడు దామోదర్. సోమవారం సాయంత్రం అందరూ వెళ్ళాక గోపాలప్ప ప్రింటు చేత్తో పట్టుకుని పైకి వచ్చాడట. కాగితం మీది ముఖాలకూ బకెట్టుకూ పొంతన లేదని ఒక్క నిమిషంలో చూపించాడట. డ్రాయింగు తప్పని ఆయనకు అప్పుడే తెలుసు. గీసింది ఎవరో కూడా తెలుసు.

"సావుకారుకు చెబుదాం పదమన్నాను. వద్దన్నాడు. బకెట్టు తిప్పెయ్ సార్, నేను చదవలేదంటా అన్నాడు. నా పేరు ముప్పై ఏళ్ళు బతికింది, చాలు, దాని పేరు ఇంకా పుట్టనే లేదు అన్నాడమ్మా. తిప్పేశాను."

అర్చనకు ఏడుపు రావాల్సిన చోటు అది. రాలేదు. ఒళ్ళంతా మండింది. ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, ఆమె తప్పు ఆమెకు తెలియకుండా దాచి, ఆమె బతుకు మీద తీర్పు చెప్పేశారు. నాలుగు రోజులు తండ్రిని చేతకానివాడనుకుని చిన్నచూపు చూసేలా చేశారు. నాన్న చేసిన త్యాగం ఎంత గొప్పదో అని ఇంకో పిల్ల పొంగిపోయేదేమో, అర్చనకు మాత్రం దొంగతనం జరిగినట్టే అనిపించింది. మెట్లు దిగి ఆఫీసు గదిలోకి వెళ్ళేసరికి మూడున్నర దాటింది. దామోదర్ వెనకాలే వచ్చాడు.

గోపాలప్ప అప్పటికే అక్కడున్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. వెంకటేశప్ప కళ్ళజోడు పెట్టుకుని కాగితంలో అక్షర దోషాలు చూస్తున్నాడు. అర్చన తలుపు దగ్గరే నిలబడి, ఆ కాగితం మీద ఉండాల్సింది తన పేరని చెప్పింది. జూన్ పన్నెండు, పీణ్యా, కరెంటు, టెంప్లేటు, అన్నీ ఒకదాని వెనక ఒకటి చెప్పింది. తండ్రి చదివిన ప్రింటు మీద గుర్తు వేరని, సోమవారం సాయంత్రం దాన్ని ఎవరు తిప్పారో కూడా చెప్పింది.

వెంకటేశప్ప కళ్ళజోడు తీసి గోపాలప్ప వైపు చూశాడు. గోపాలప్ప చిన్నగా నవ్వాడు. షాపుకు చెప్పిన అబద్ధాన్నే ఇప్పుడు కూతురి మొహం ముందు చెప్పాడు.

"పిల్ల కదా సావుకారూ, నా కోసరం చెప్తా ఉండాది. నా కండ్లే మోసం చేసినాయి. ఆ కాగితం ఇట్లియ్యి, సంతకం పెడ్తా."

వెంకటేశప్ప మనసు కరిగిపోయింది. కరగకూడని వైపుకు కరిగింది. కూతురంటే ఇట్లుండాల, నీ కడుపున పుట్టినందుకు నీ నింద తన మీద ఏసుకుంటా ఉండాది, నా కొడుకుల్లో ఒక్కడన్నా ఇట్ల అంటాడా అని మెచ్చుకున్నాడు. నిజం చెప్పినందుకు తిడితే అర్చన భరించేది. నిజం చెప్పినందుకు మెచ్చుకుంటుంటే పుండు మీద కారం చల్లినట్టయింది. నేను ఎవరినీ కాపాడడానికి రాలేదు సార్ అంది. ఆయన వినలేదు, ఏమ్మా నీళ్ళు తాగుతావా అని అడిగాడు.

ఆమె తండ్రి వైపు తిరిగింది. "టూల్‌రూములో నువ్వు చూసిన ప్రింటు యాడ ఉండాది నాయనా? దాని మీద పాత గుర్తే ఉండాది కదా. అది చూపిచ్చు."

"కొలిమిలో ఏసినా," అన్నాడు గోపాలప్ప, అదేదో పాత గోనెసంచి సంగతి చెబుతున్నట్టు.

ఉక్కును కాల్చి గట్టిపరిచే కొలిమి అది. అందులో పడ్డ కాగితం బూడిద కూడా దొరకదు. మిగిలిన సాక్ష్యం దామోదర్ నోరే. వెంకటేశప్ప ఏమప్పా దామోదర్, ఈ పిల్ల చెప్పేది నిజమేనా అని అడిగాడు. దామోదర్ చూపు నేల మీదికి పోయింది. ఫైల్లో ఉన్నదే సార్, నేను చెప్పడానికేముంది అన్నాడు. గుర్తు తిప్పానని ఒప్పుకుంటే ఈ సాయంత్రమే ఇంటికి పోవాలి, గోపాలప్పకు ఇచ్చిన మాట కూడా పోతుంది. నిజమూ కాదు, అబద్ధమూ కాదు, కప్పదాటు వేశాడు. అర్చనకు ఆయన మీద మిగిలిన కాస్త గౌరవం అక్కడితో అయిపోయింది.

గోపాలప్ప కలం తీసుకున్నాడు. కాగితం తన వైపు జరుపుకున్నాడు.

అప్పుడు తట్టింది ఆమెకు. ఎంత తేలిక విషయం, ఇంత కోపంలో ఎలా తట్టకుండా పోయిందో. తప్పు నాయన కళ్ళదైతే, నాయన చేసిన డై ఒక్కటే తప్పవ్వాలి. తప్పు టెంప్లేటుదైతే, దాని నుంచి గీసిన ఏ డ్రాయింగు ఎవరు చదివినా తప్పే అవుతుంది. బస్సు కిటికీ గొళ్ళేనికి జులైలో తను డ్రాయింగు గీసింది. ఆ డై చేసింది గోపాలప్ప కాదు, కొండయ్య. రేపు పొద్దున దాన్ని ప్రెస్సుకు ఎక్కించి చూడాలి. కొండయ్యకు ముప్పై దాటలేదు, కళ్ళు గద్ద కళ్ళు.

"కొండయ్య డై ఇప్పుడే ఏయించండి సార్. ఒక్క పీసు చాలు. అది సరిగ్గా వస్తే నాయన సంతకం పెట్టనీ, నేను నోరు తెరవను."

గోపాలప్ప మొహం మీది నవ్వు పోయింది. అర్చన అది చూసింది, వెంకటేశప్ప కూడా చూశాడు. ముప్పై ఏళ్ళు మనుషులతో బేరాలాడిన వ్యాపారి, అబద్ధం ఎక్కడ వణుకుతుందో ఆయనకు తెలుసు. బల్ల మీది కాగితాన్ని మడిచి చేత్తో పట్టుకుని లేచాడు. బస్సు బాడీ కంపెనీ నిన్ననే పంపిన శాంపిల్ గొళ్ళెం సొరుగులోంచి తీసి జేబులో వేసుకున్నాడు.

కొండయ్యకు సంగతి తెలియదు. తన డై అందరి ముందూ వేస్తున్నారని సంబరపడి, గుడ్డతో రెండుసార్లు తుడిచి, ప్రెస్సు కింద బిగించి, రేకు ముక్క పెట్టి పెడలు తొక్కాడు. దబ్బుమని ఒక్క దెబ్బ. గొళ్ళెం కింద ట్రేలో పడింది. మెరుస్తోంది, అంచున ఒక్క గరుకు లేదు, పనితనంలో వంక పెట్టడానికి లేదు. కొండయ్య దాన్ని అరచేతిలో పెట్టి సావుకారుకు ఇచ్చాడు.

వెంకటేశప్ప జేబులోంచి శాంపిల్ తీసి, రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. కూర్చోలేదు. తిప్పి పెట్టాడు. కూర్చోలేదు. పక్కపక్కన పెట్టి చూశాడు. కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ దణ్ణం పెడుతున్నట్టు రెండు గొళ్ళేలూ ఎదురుబొదురుగా వంగి ఉన్నాయి.

కొండయ్య, నేను బకెట్టు చూసే చేసినా సావుకారూ, వలయాలు కుడిపక్కే ఉండాయి, కావాలంటే ప్రింటు చూడండని ఆదుర్దాగా తన బల్ల మీది కాగితం తెచ్చి చూపించాడు. వలయాలు కుడిపక్కనే ఉన్నాయి. ముఖాలు మాత్రం అమెరికావే. వెంకటేశప్ప చేతిలో ఇంకా మడిచి పట్టుకుని ఉన్న ఉత్తరాన్ని అడ్డంగా చించి, ఆ ముక్కల్ని గోపాలప్ప చొక్కా జేబులో కుక్కాడు. నా దగ్గర ముప్పై ఏండ్లుండి నాకే అబద్ధం చెప్తావా అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు, అది ఇంకా ఘోరంగా ఉంది.

అర్చన గెలిచింది. గెలిచినదాని మొహం కాదు అది. ఆమె పేరు ఆ క్షణంలోనే పుట్టింది, తప్పుతోనే పుట్టింది. ఆమె సిగ్గు పడుతూనే ఉంది, కానీ తల మాత్రం దించలేదు. తండ్రి ఆమె వైపు చూసిన చూపులో ప్రేమ లేదు. నా చేత ఇంత పని చేయించుకుని ఏం బాగుపడ్డావన్నట్టు చూశాడు. ఆమె కూడా అలాగే చూసింది. చూపులో ఇద్దరికీ ఒకే పొగరు.

జూన్ నుంచి ఆ టెంప్లేటులో ఎన్ని గీసినారు అని వెంకటేశప్ప అడిగాడు. ఈసారి దామోదర్ తప్పించుకోలేదు, పైకి పరుగెత్తి రిజిస్టరు తెచ్చాడు. పీణ్యావి మూడూ పోగా పదకొండు. వాటిలో ఎనిమిదింటికి కుడీ ఎడమా లేవు, గుండ్రటి వాషర్లూ చదరపు ప్లేట్లూ, ఎలా చదివినా ఒకటే. స్కూటర్ బ్రాకెట్టు ఒకటి, కిటికీ గొళ్ళెం ఒకటి. పదకొండోది చదివి దామోదర్ ఆగిపోయాడు. హోసూరు దగ్గర చక్రాల కుర్చీలు చేసే కంపెనీకి, చక్రం కదలకుండా పట్టి ఆపే బ్రేకు పన్ను. పోయిన శుక్రవారమే పెట్టెలు కట్టి పంపేశారు.

ఆ పన్ను గీసింది అర్చనే కాబట్టి అది ఎలా పనిచేస్తుందో ఆమెకు తెలుసు. కుర్చీ వాలు మీద నిలబడితే, చక్రం బరువుకు పన్ను ఇంకా గట్టిగా బిగుసుకునేలా ఒక పక్కకు వాలి ఉంటుంది. కుడి ఎడమైతే అదే బరువుకు అది ఊడిపోతుంది. కాళ్ళు లేని మనిషి కూర్చుని ఉండగా ఊడిపోతుంది.

అది బిగించేటప్పుడే వాళ్ళకు తెలియాలి కదా, తిప్పి చేసింది వాళ్ళ కుర్చీకి ఎట్ల కూర్చుంటాది అన్నాడు వెంకటేశప్ప. ఎవరూ ఫోన్ చేయలేదా అని కొండయ్యను అడిగాడు. కొండయ్య గోపాలప్ప వైపు చూశాడు.

గోపాలప్ప చొక్కా జేబులోని కాగితం ముక్కల్ని చేత్తో అదిమిపట్టుకుని ఉన్నాడు. ఫోను తనే ఎత్తానన్నాడు. వాళ్ళ ఫిట్టరు పన్ను సరిగ్గా కూర్చోవడం లేదని అడిగాడట. "స్వల్ప ఆకురాయి కొట్టి అడ్జస్ట్ చేసుకోప్పా, కూర్చుంటాది అని చెప్పినా," అన్నాడు.

అర్చన ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడింది. అడగకుండా ఉంటే బాగుండునని ఆమెకూ ఉంది. అయినా అడిగింది.

"ఆ ఫోను ఎప్పుడొచ్చె నాయనా? నువ్వు పైకి పోయి బకెట్టు తిప్పమనక ముందా, అన్నాకనా?"

ఆయన ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"అన్నాకనే. బుధవారం."

వెంకటేశప్ప అప్పటికే గోడకున్న ఫోను అందుకుని హోసూరు నంబరు తిప్పుతున్నాడు. అవతల మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.